కరెంటు వస్తోందా, పెట్రోలు వస్తోందా?

ఆగిపోయిన బండిని షెడ్డుకు తోసుకెళ్తే మెకానిక్ మనం చెప్పేదాంట్లో సగమే వింటాడు. "పెట్రోలు ఉందన్నా, నిన్ననే కొట్టించా" అన్నా సరే, ట్యాంకు మూత తీసి బండిని ఓసారి అటూ ఇటూ ఊపి చప్పుడు వింటాడు. హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ వంక చూస్తాడు. ఆ తర్వాతే ప్లగ్ పానా కోసం చెయ్యి చాపుతాడు. మన మాట మీద నమ్మకం లేక కాదు. పైసా ఖర్చు లేని పరీక్ష, క్షణంలో తేలిపోయే పరీక్ష ముందు చేయాలని అతని చేతులకు తెలుసు. కిల్ స్విచ్‌ను పిల్లాడెవడో ఆడుకుంటూ నొక్కిపోయిన బండికి కార్బొరేటర్ మొత్తం విప్పి కడిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

సైన్సు పద్ధతి అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే ప్రయోగశాల అక్కర్లేదనీ, స్టార్ట్ కాని బండి ఒకటి చాలనీ నా అభిప్రాయం. అనుమానం ఏదైనా రావచ్చు. దాన్ని తేల్చే పరీక్ష మాత్రం "కాదు" అని చెప్పగలిగేదిగా ఉండాలి. "ఎందుకైనా మంచిదని కొత్త కాయిల్ వేసి చూద్దాం" అన్నది పరీక్ష కాదు, జేబుకు చిల్లు. ఒకేసారి ప్లగ్ మార్చి, కార్బొరేటర్ కడిగి, బ్యాటరీ చార్జి చేస్తే బండి స్టార్ట్ అవచ్చు. జబ్బేమిటో మాత్రం తెలియదు. వారం తర్వాత అదే జబ్బు తిరిగొస్తే మళ్లీ మొదటికే వస్తాం.

ఇంజన్‌కు కావలసినవి నిజానికి కొన్నే: తగు పాళ్లలో కలిసిన పెట్రోలు ఆవిరీ గాలీ, వాటిని గట్టిగా నొక్కిపట్టే సిలిండరు, సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ. 1876లో నికొలస్ ఒట్టో నాలుగు స్ట్రోకుల ఇంజన్ నడిపిన నాటి నుంచీ ఈ జాబితా పెద్దగా మారలేదు. మిశ్రమాన్ని అంటించే పద్ధతి మాత్రం మారింది. 1885లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ తయారుచేసిన కొయ్య చట్రం బండిని మొదటి పెట్రోలు మోటారుసైకిల్ అంటారు. దానికి ప్లగ్ లేదు. ఎర్రగా కాలిన గొట్టం ఒకటి సిలిండరులోని మిశ్రమాన్ని అంటించేది. ఆ గొట్టం ఉన్నది సరిగ్గా సీటు కింద. ఆ వేడికి ఓసారి సీటే అంటుకుందని చెబుతారు.

మన మెకానిక్ ఈ జాబితాను రెండు ప్రశ్నలకు కుదిస్తాడు. కరెంటు వస్తోందా? పెట్రోలు వస్తోందా? రెండూ వస్తున్నాయంటే మూడో ప్రశ్న: కంప్రెషన్ ఉందా? ఈ వరుస వెనక ఒక లెక్క ఉంది. అనుమానితులు పదహారు మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కర్నీ పిలిచి అడిగితే పదిహేను ప్రశ్నలు పట్టవచ్చు. ప్రతి ప్రశ్నతో సగం మందిని బయటికి పంపగలిగితే నాలుగు చాలు. మంచి మెకానిక్‌కీ ఊరికే విప్పేవాడికీ తేడా ఇక్కడే.

అలా సగానికి సగం కోసేసే పరీక్ష ఒకటుంది. పదిసార్లు కిక్ కొట్టి, ప్లగ్ విప్పి చూడటం. ప్లగ్ మొన పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు సిలిండరు దాకా వస్తున్నట్టే. తప్పు కరెంటుదైనా కావాలి, పెట్రోలు మరీ ఎక్కువైనా కావాలి. మొన పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు, కాయిల్ జోలికి వెళ్లనక్కర్లేదు. నల్లటి పొడి మసి ఉంటే మిశ్రమంలో పెట్రోలు పాలు ఎక్కువ. జిడ్డు జిడ్డుగా ఉంటే రింగులనో, వాల్వ్ సీళ్లనో దాటుకుని ఇంజనాయిల్ పైకొస్తోంది. ఇంత సమాచారం ఇచ్చే ప్లగ్ ఖరీదు బండి ఖరీదులో వెయ్యో వంతు ఉండటం విచిత్రం.

ముందు కరెంటు సంగతి చూద్దాం. విప్పిన ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని లోహపు ఒంటిని ఇంజన్ లోహానికి ఆనించి కిక్ కొడతారు. మొనల మధ్య రవ్వ దూకితే కరెంటు ఉందంటారు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ప్లగ్ విప్పిన రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి బయటికొస్తుంది కనుక ప్లగ్‌ను దానికి దూరంగా ఆనించాలి. ఒళ్లు సరిగ్గా ఆనకపోతే ఆ వేల వోల్టులు మరో దారి వెతుక్కుంటాయి. ఆ దారి మీ చెయ్యి కావచ్చు, బండిలోని ఎలక్ట్రానిక్ పెట్టె కావచ్చు.

అయితే ఈ పరీక్షలో ఒక మోసం ఉంది. బయట చక్కగా రవ్వ వేసిన ప్లగ్ లోపల వేయకపోవచ్చు. 1889లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ పాషెన్ వాయువుల్లో రవ్వ దూకడానికి ఎన్ని వోల్టులు కావాలో కొలిచి ఒక సూత్రం చెప్పాడు. సందు వెడల్పును వాయువు పీడనంతో గుణిస్తే వచ్చేదాని మీద అది ఆధారపడుతుంది. మామూలు గాలిలో 0.7 మిల్లీమీటర్ల ప్లగ్ సందును దాటడానికి మూడు వేల పైచిలుకు వోల్టులు సరిపోతాయి. సిలిండరులో పిస్టన్ పైకి వచ్చేసరికి గాలి ఎన్నో రెట్లు చిక్కబడుతుంది. అప్పుడు అదే సందు దాటడానికి పదిహేను, ఇరవై వేల వోల్టులు కావలసి రావచ్చు. నీరసించిన కాయిల్ బయట పరీక్షలో పాసై లోపల ఫెయిలవడానికి కారణం ఇదే. అందుకే అనుభవమున్నవాడు రవ్వ ఉందా లేదా అని మాత్రమే చూడడు. దాని రంగు చూస్తాడు, చప్పుడు వింటాడు. టప్పుమని కొట్టే నీలం రవ్వకూ, సన్నగా పసుపుగా పాకే రవ్వకూ తేడా అతనికి కంటితోనే తెలుస్తుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే బాగా నడుస్తున్న మరో బండి ప్లగ్ తెచ్చి వేస్తాడు. ఒక్కటే మార్చి చూడటం అంటే అది.

వర్షాకాలంలో వచ్చే మొండి జబ్బుల్లో సగం ప్లగ్ క్యాప్‌లోనే ఉంటాయి. క్యాప్‌లో వెంట్రుకంత పగులు చాలు, తడి చేరగానే కరెంటు సందును దాటే కష్టం మానేసి ఆ తడి దారిన ఇంజన్ ఒంట్లోకి జారిపోతుంది. చీకట్లో కిక్ కొడితే వైరు చుట్టూ నీలంగా మెరవడం కనిపిస్తుంది. ఇక ఎలుకలు వైర్లు కొరికిన కేసులకు సిద్ధాంతమేమీ అక్కర్లేదు, సీటెత్తి చూడటమే.

కిక్‌తో కరెంటు ఎలా పుడుతుంది? 1831లో మైకేల్ ఫారడే చూపించిన సంగతే: తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఎంత వేగంగా కదిలితే అంత ఎక్కువ. కిక్ తొక్కినప్పుడు ఇంజన్ పక్కనున్న మాగ్నెట్ చక్రం తిరుగుతుంది. పాత బళ్లలో బ్యాటరీ చచ్చిపోయినా రవ్వ వచ్చేది అందుకే. కాలు బరువు మెల్లగా ఆనిస్తే రాని రవ్వ, ఒక్కసారి గట్టిగా తంతే రావడం కూడా అందుకే. అది బండి మొండితనం కాదు, ఫారడే నియమం.

సెల్ఫ్ కథ వేరు. బటన్ నొక్కితే "టక్ టక్ టక్" మంటుంది తప్ప ఇంజన్ తిరగదు. బ్యాటరీలో కరెంటు బొత్తిగా లేకపోతే ఆ టకటకలు కూడా ఉండవు. ఊళ్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారి వేసినప్పుడు ఇంట్లో బల్బు మసకబారడం చూసే ఉంటారు. ఇక్కడ జరిగేదీ అదే. సెల్ఫ్ మోటారుకు ఒక్కసారిగా పదుల ఆంపియర్లు కావాలి. ప్రతి బ్యాటరీకీ లోపల కొంత నిరోధం ఉంటుంది, ముసలిదయ్యేకొద్దీ అది పెరుగుతుంది. అంత కరెంటు లాగేసరికి 12 వోల్టులు ఏ ఏడుకో ఎనిమిదికో పడిపోతాయి. ఆ వోల్టేజికి రిలే పట్టు విడిచేస్తుంది. విడవగానే భారం తగ్గి వోల్టేజి లేస్తుంది, రిలే మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ పడిపోతుంది. ఆ టకటకలు ఈ గుంజులాట చప్పుడే.

కదలకుండా ఉన్న నిండు బ్యాటరీని మీటరుతో కొలిస్తే 12.6 వోల్టులు చూపాలి. 12కు దిగిందంటే దాదాపు ఖాళీ. మీటరు లేనివాళ్లకు హారన్ ఉంది. తాళం తిప్పి హారన్ కొడితే దాని గొంతే చెబుతుంది. హెడ్‌లైటు చూసి చెప్పే పాత పద్ధతి ఇప్పుడు పనిచేయదు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లలో లైటు దానంతటదే వెలిగే ఏర్పాటు ఉంది, చాలావాటిలో ఇంజన్ తిరిగితేనే వెలుగుతుంది. ఒక్కోసారి బ్యాటరీ నిక్షేపంగా ఉండి, దాని టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడిదో, వదులైన బోల్టుదో తప్పవుతుంది. కొత్త బ్యాటరీ కొనే ముందు గరుకు కాగితంతో ఆ కొసలు రుద్ది బిగించి చూడటం ధర్మం.

ఇప్పుడు పెట్రోలు. నిజానికి పెట్రోలు ద్రవంగా కాలదు, దాని ఆవిరే కాలుతుంది. అదీ గాలిలో ఆవిరి పాలు సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే. అంతకన్నా తక్కువైనా అంటుకోదు, ఎక్కువైనా అంటుకోదు. ఓవర్ ఫ్లో అయిన బండి స్టార్ట్ కాకపోవడంలోని వింత ఇదే: లోపల పెట్రోలు కావలసినంత ఉంది, కనుకనే మంట లేదు. దానికి తోడు తడిసిన ప్లగ్ మొన. మందు మామూలే: చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పిపట్టి కొన్ని కిక్‌లు కొడితే లోపలికి గాలి ఎక్కువ వెళ్లి మిశ్రమం పలచబడుతుంది. చలికాలం ఉదయాన లంబసింగిలోనో, ఆదిలాబాద్‌లోనో కథ తిరగబడుతుంది. చల్లటి పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, లోపలికి వెళ్లినదాంట్లో కొంత చల్లటి గోడలకే అంటుకుంటుంది. అందుకే చోక్ లాగి పెట్రోలు పాలు పెంచుతాం. ఆ చలికి ఇంజనాయిల్ చిక్కబడి, బ్యాటరీలో రసాయన చర్య మందగించి పరిస్థితి ఇంకాస్త విషమిస్తుంది.

గాలిని ఎవరూ పట్టించుకోరు గానీ, ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. బరువులో చూస్తే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి. అందుకే దుమ్ము మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ బండి గొంతు నొక్కేస్తుంది.

పెట్రోలు దారిలో నాకు అన్నిటికన్నా నచ్చే జబ్బు ట్యాంకు మూతది. బండి స్టార్ట్ అవుతుంది, ఒకటి రెండు కిలోమీటర్లు బాగానే పోతుంది, మెల్లగా దగ్గి ఆగిపోతుంది. కాసేపు ఆపి ఉంచితే మళ్లీ నడుస్తుంది. ప్లగ్ మార్చినా, కార్బొరేటర్ కడిగినా లాభం ఉండదు. మూతలో గాలి లోపలికి పోయే సన్న రంధ్రం ఒకటి ఉంటుంది, అది దుమ్ముతో పూడిపోయింది. పెట్రోలు దిగేకొద్దీ పైన గాలి పీడనం తగ్గి, చివరికి పెట్రోలు దిగడమే మానేస్తుంది. పరీక్ష చాలా సులువు. బండి ఆగిన చోటే మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్ట్ అయిందంటే దొంగ దొరికినట్టే.

ట్యాంకులో పెట్రోలు ఉండి కూడా దిగకపోవడం ఇంకో రకం. బండి ట్యాంకు చట్రానికి రెండు వైపులా వేలాడే ఆకారంలో ఉంటుంది. పెట్రోలు తగ్గినప్పుడు కుళాయి లేని పక్క కొంత మిగిలిపోతుంది. బండిని కుళాయి ఉన్న వైపు వంచితే అది ఇవతలికి వస్తుంది. బండిని పక్కకు వంచి లేపే మన పెద్దవాళ్ల అలవాటులో ఉన్న సైన్సు ఇదే. రిజర్వ్ అంటే ఇంకో ట్యాంకు ఉందని చాలామంది అనుకుంటారు. కార్బొరేటర్ బళ్లలో ఉన్నది ఒకే ట్యాంకు, కుళాయికి ఎత్తు తేడాతో రెండు గొట్టాలు, అంతే.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నియమాలు వచ్చాక కొత్త బళ్లలో కార్బొరేటర్ దాదాపు మాయమైంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. దాంతో పాత చిట్కాలు కొన్ని చెల్లకుండా పోయాయి. బ్యాటరీ డౌన్ అయితే సెకండ్ గేరులో వేసి, క్లచ్ పట్టి, తోసి వదలడం అందులో మొదటిది. ఇంజెక్షన్ బండిలో ట్యాంకులోని ఎలక్ట్రిక్ పంపు పెట్రోలును వాతావరణ పీడనానికి రెండు మూడు రెట్లు నొక్కితే తప్ప ఇంజెక్టరు చిమ్మదు. పంపుకూ, దాని మెదడు పెట్టెకూ బ్యాటరీయే దిక్కు. బ్యాటరీలో కొంచెమైనా జీవం మిగిలి ఉంటే తోసినందుకు ఫలితం ఉంటుంది, పూర్తిగా చచ్చిపోతే ఎంత దూరం తోసినా చెమటే మిగులుతుంది. ఈ బళ్లలో ఉచిత పరీక్ష చెవికి సంబంధించింది. తాళం తిప్పగానే ఒకటి రెండు క్షణాల పాటు పంపు "జుయ్"మని మోగాలి. మోగలేదంటే ఫ్యూజు దగ్గర నుంచి వెతుకులాట మొదలు. మీటరులో పసుపుపచ్చ ఇంజన్ గుర్తు ఆగి ఆగి మెరుస్తుంటే ఆ మెరుపులు లెక్కపెట్టుకోండి. చాలా కంపెనీల బళ్లలో ఆ లెక్కే ఏ సెన్సరు మొరాయించిందో చెప్పే కోడ్.

నీళ్ల సంగతి వేరుగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌కు నీటితో స్నేహం ఎక్కువ. నీళ్లు మోతాదు మించితే ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుక్కు దిగుతుంది. పెట్రోలు తీసుకునే గొట్టం ఉండేది సరిగ్గా ఆ అడుగునే. అనుమానం వస్తే కాస్త పెట్రోలు గాజు సీసాలో పట్టి కదలకుండా ఉంచండి, రెండు పొరలు కనిపిస్తే కిక్ కొట్టడం ఆపేసి ట్యాంకు ఖాళీ చేయించాలి.

మునిగిన బండికి ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధులన్నీ మునిగినప్పుడు ఎన్నో బళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నీరు తగ్గగానే ఎవరికైనా మొదట తోచేది సెల్ఫ్ కొట్టి చూడటం. అదే చేయకూడనిది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. సిలిండరులో నీళ్లుండగా పిస్టన్ పైకి వస్తే వంగాల్సింది నీరు కాదు, కనెక్టింగ్ రాడ్. ముందు ప్లగ్ విప్పేసి, మెల్లగా కిక్ తిప్పి, ఆ రంధ్రం నుంచి నీళ్లు బయటికి చిమ్మేదాకా చిమ్మించాలి. ఆయిల్ తెల్లబారి నురగ కట్టి ఉంటే నీరు అందులోనూ చేరినట్టే. దాన్ని మార్చందే ఇంజన్ తిప్పకూడదు.

కరెంటూ ఉంది, పెట్రోలూ ఉంది, అయినా పలకడం లేదంటే కంప్రెషన్. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా పెట్టి కిక్ కొడితే, మంచి ఇంజన్ ఆ వేలిని ఎగరగొట్టాలి. పరీక్షకు ముందు కిల్ స్విచ్ ఆపడం మరవొద్దు. వేలు నింపాదిగా అక్కడే ఉందంటే గాలి ఎటో జారిపోతోంది. పిస్టన్ రింగుల పక్కనుంచా, వాల్వుల దగ్గర నుంచా? దీన్ని తేల్చే పద్ధతి నా దృష్టిలో మెకానిక్కుల తెలివికి పరాకాష్ఠ. ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్లీ పరీక్షిస్తారు. ఆయిల్ పిస్టన్ చుట్టూ చేరి రింగుల సందును తాత్కాలికంగా మూస్తుంది. వాల్వుల దాకా అది వెళ్లదు. కంప్రెషన్ పెరిగిందా, రింగులో బోరో అరిగాయి. పెరగలేదా, వాల్వుల మీద అనుమానం. ఇంజన్ విప్పకుండా, చెంచాడు నూనెతో, వేల రూపాయల తేడా ఉన్న రెండు రిపేర్లలో ఏది చేయాలో తేలిపోయింది.

పడిన బండి

పడిన బండి దగ్గర ఈ వరుస మారుతుంది. ముందు మనిషి, తర్వాత పెట్రోలు, ఆ తర్వాతే బండి. పక్కకు ఒరిగి పడి ఉన్న బండి ట్యాంకు మూత నుంచో కార్బొరేటర్ నుంచో పెట్రోలు కారుతూనే ఉంటుంది. దాని ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు కనుక పైకి పోదు, నేలనంటి పాకుతుంది. చుట్టూ మూగినవాళ్లలో బీడీ కాల్చేవాళ్లను దూరం పంపి, తాళం ఆపి, అప్పుడు లేపాలి.

లేపాక స్టార్ట్ కాకపోతే కంగారు పడనక్కర్లేదు. చాలా ఇంజెక్షన్ బళ్లలో పడిపోతే పసిగట్టే సెన్సరు ఉంటుంది. బండి ఒరగగానే అది పంపునూ కరెంటునూ ఆపేస్తుంది, తాళం ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ తిప్పితే గానీ వదలదు. మరి మలుపులో బండి వాలినప్పుడు అది ఎందుకు ఆపదు? మలుపు తిరిగేటప్పుడు భూమి కిందికి లాగడం ఒకటే కాదు, బయటికి తోసే ప్రభావం కూడా బండి మీదా దానిలోని ప్రతి వస్తువు మీదా ఉంటుంది. రెండూ కలిస్తే వచ్చే బలం వాలిన బండి నిలువు వెంటే పనిచేస్తుంది. సెన్సరులోని చిన్న లోలకం దృష్టిలో బండి నిటారుగానే ఉంది. నేల మీద పడ్డప్పుడు మాత్రం భూమి లాగడమే మిగులుతుంది, లోలకం పక్కకు వాలుతుంది. కొత్త బళ్లలో లోలకం స్థానంలో చిప్ వచ్చింది, లెక్క అదే.

చాలాసేపు పక్కకు పడి ఉన్న బండిలో ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకో, సిలిండరులోకో చేరి ఉండవచ్చు. నీళ్లకు చెప్పిందే దీనికీ వర్తిస్తుంది. స్టార్ట్ అయ్యాక కాసేపు నీలం పొగ వస్తే ఆ చేరిన ఆయిల్ కాలుతోందన్నమాట. ఆగకుండా వస్తూనే ఉంటే షెడ్డుకు వెళ్లాల్సిందే. ఇంజన్ పక్క కవర్లు పగిలి ఆయిల్ కారుతుంటే అసలు స్టార్టే చేయకూడదు. ఆయిల్ లేని ఇంజన్ కొన్ని నిమిషాల్లో పట్టేస్తుంది.

స్టార్ట్ అయింది కదా అని ఎక్కి పోవడం ఇంకా పెద్ద తప్పు. యాక్సిలరేటర్ పిడి పూర్తిగా తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ ఎడమకు తిప్పి, కుడికి తిప్పి కూడా ఇది చూడాలి. పడ్డప్పుడు పిడి లోపలికి నొక్కుకుపోయి ఇరుక్కోవడం మామూలే. బ్రేకు లివర్ నొక్కితే గట్టిగా తగలాలి. మెత్తగా దిగిపోతుంటే తలకిందులైన బ్రేకు నూనె డబ్బాలోంచి గాలి బుడగలు గొట్టంలోకి వెళ్లాయన్నమాట. నూనె నలగకుండా బలాన్ని చక్రం దాకా మోసుకెళ్తుంది. బుడగ ఆ బలాన్ని తానే మింగేస్తుంది. గాలి తీయించేదాకా ఆ బండి నడపకూడదు.

గుద్దుకోవడం ఎంత బలమైనదో మనకు సరిగ్గా అంచనా ఉండదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న శక్తి సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీది నుంచి పడ్డ దానితో సమానం. వేగం సగానికి, 30కి తగ్గితే ఎత్తు సగం కాదు, నాలుగో వంతు, మూడున్నర మీటర్లు. ఆ శక్తిలో చాలా భాగం ముందు చక్రం, ఫోర్కు, చాసిస్ మెడ తింటాయి.

హ్యాండిల్ వంకరగా ఉంటే ఫోర్కు వంగిందని భయపడతారు గానీ, ఎక్కువసార్లు అది వంగదు, మెలిపడుతుంది. ఫోర్కు గొట్టాలను పైన క్లాంపులు బిగించి పట్టుకుంటాయి, అంతే. దెబ్బకు అవి కొద్దిగా జారతాయి. క్లాంపు బోల్టులు సడలించి, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టి హ్యాండిల్ తిప్పితే సర్దుకుంటుంది. నిజంగా వంగిన గొట్టం వేరు. ఉక్కు కొంత హద్దు దాకా వంగి తిరిగి తన ఆకారానికి వస్తుంది. ఆ హద్దు దాటితే వంపు శాశ్వతం. తిరిగి సాపు చేస్తే కంటికి సాపుగా కనిపిస్తుంది గానీ, వంగిన చోట లోహం పెళుసెక్కి ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం నడిమిలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో ఏళ్ల తరబడి పరీక్షించాడు. ఒక్కసారికి లోహాన్ని ఏమీ చేయలేని బరువు, లక్షల సార్లు పడితే దాన్ని విరగ్గొడుతుందని తేల్చాడు. సాపు చేసిన ఫోర్కు మన రోడ్ల గుంతల మీద ప్రతి రోజూ ఆ పరీక్షే రాస్తుంది.

కంటికి కనబడని పగులును పట్టడానికి రైల్వే వర్క్‌షాపుల నాటి పద్ధతి ఒకటుంది. అనుమానమున్న చోట కిరోసిన్ పూసి కాసేపాగి, శుభ్రంగా తుడిచేసి, పైన సుద్ద పొడి అద్దుతారు. పగుల్లోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి తెల్లటి సుద్ద మీద సన్నటి గీత గీస్తుంది. అల్లాయ్ చక్రాలకు ఇది తప్పక చేయించండి. పగిలిన అల్లాయ్ చక్రానికి వెల్డింగ్ పెట్టిస్తే డబ్బు మిగులుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి.

రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో దారంతో తెలుస్తుంది. వెనక టైరుకు చుట్టి, రెండు పక్కలా దాని అంచుల్ని తాకుతూ ముందుకు బిగించి లాగితే, సన్నగా ఉండే ముందు టైరుకు రెండు వైపులా ఒకే సందు ఉండాలి. ఈ తేడాకు అంత విలువ ఎందుకంటే, హ్యాండిల్ ఏ ఇరుసు మీద తిరుగుతుందో ఆ గీతను నేల దాకా పొడిగిస్తే అది ముందు టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు పడుతుంది. ఆ దూరాన్ని ట్రెయిల్ అంటారు, దానివల్లే ముందు చక్రం దానంతటదే తిన్నగా సర్దుకుంటుంది. (బండి నిలబడటానికి ట్రెయిలూ, చక్రాల గిరగిరా మాత్రమే కారణమని చాలాకాలం నమ్మారు. ఆ రెండూ లేకున్నా తనంత తాను నిలదొక్కుకునే సైకిల్‌ను చేసి చూపిన పరిశోధన 2011లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. బరువు ఎక్కడెక్కడ ఉందన్నదీ ముఖ్యమే.) ఫోర్కు వెనక్కి వంగినా, చాసిస్ మెడ కదిలినా ట్రెయిల్ మారిపోతుంది. వీధిలో నెమ్మదిగా పోతే తెలియదు, హైవే మీద వేగం పెరిగాక హ్యాండిల్ వణకడం మొదలవుతుంది. అందుకే ఫోర్కు బాగుచేయించాక మొదటి పరుగు ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంతో, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి చేయాలి.

బండికి చేసే ఈ పరీక్షలేవీ పనిచేయని వస్తువు ఒకటుంది, హెల్మెట్. 1935 మేలో ఇంగ్లండులో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ మోటారుసైకిల్ మీది నుంచి పడి, ఆరు రోజులకు తల గాయంతో చనిపోయాడు. అతనికి చికిత్స చేసిన వైద్యుల్లో ఒకడైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత మోటారుసైకిలిస్టుల తల గాయాల మీద పని చేసి, హెల్మెట్ అవసరాన్ని 1941లో వైద్య పత్రికలో చూపించాడు. ఇవాళ్టి హెల్మెట్ లోపలుండే తెల్లటి నురుగు పొర దెబ్బ శక్తిని తాను నలిగి మింగుతుంది. ఒకసారి నలిగింది మళ్లీ లేవదు, పైన గీత కూడా పడకపోవచ్చు. తల దానిలో ఉండగా నేలను గుద్దిన హెల్మెట్‌ను బాగుచేయలేం, పరీక్షించి పాస్ చేయలేం. షెడ్డులో రిపేరు చీటీ రాయించేటప్పుడు అన్నిటికన్నా పైన ఐఎస్ఐ గుర్తున్న కొత్త హెల్మెట్ ఖరీదు రాయించండి. పాతదాన్ని ఇంకొకరు తీసుకుని పెట్టుకోకుండా పట్టీ కోసి పారేయండి.